బూడిద చెరువు కింద ఆడబిడ్డ నేల

రాధమ్మ కొట్టు షట్టరు దించి, తాళం చెవి కొంగున ముడేసుకుని, తమ్ముడు ఫోన్లో అన్న మాట దగ్గరే నిలబడిపోయింది పోయిన వారం. "బావ పోయినంక ఇంక పసుపు కుంకుమల పొలమేందక్కా?" అన్నాడు బ్రహ్మం. ఒక్క కడుపున పుట్టినవాడు అనవలసిన మాటేనా అది?

సంగతి మొదటినుంచీ తెలియనివారికి నాలుగు మాటలు చెప్పాలి. రాధమ్మ పుట్టింది ఎర్రకుంటలో. మగ్గాల ఊరు. పెళ్లయి దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, భర్తతో కలిసి చీరల కొట్టు పెట్టింది. ఆయన పోయాక ఒక్కతే నడుపుకుంటోంది. పెళ్లినాడు తండ్రి ఆమెను ఊరి చివరి మెట్ట చెలకకు తీసుకుపోయి, హద్దురాయి పక్కన నిలబెట్టి, కొంగులో దోసెడు మట్టి పోసి, "ఇది నీ పసుపు కుంకుమల కింద బిడ్డా" అన్నాడు. కాగితం లేదు, కలం లేదు. ఎర్రకుంటలో ఆడబిడ్డ నేలకు కాగితం రాయడమంటే అన్నదమ్ముల మీద అనుమానపడ్డట్టే. అందుకని ఎవరూ రాయరు. ఏటా ఆ చెలకలో పండిన కందులు ఒక సంచి ఆమె గుమ్మానికి చేరేవి. అదే రాత, అదే రిజిస్ట్రేషను.

పోయిన ఏడు సంచి రాలేదు. ఎందుకు రాలేదో బ్రహ్మం చెప్పలేదు, బ్రహ్మం కూతురు వాసంతి చెప్పింది. ఊరి పక్కన బొగ్గుతో కరెంటు చేసే కంపెనీ లేచిందని, నాన్న తన భూమితో పాటు అత్త చెలకను కూడా దానికి ఒప్పజెప్పి, కంపెనీ గేటు దగ్గర కాపలా ఉద్యోగంలో చేరాడని. కంపెనీ సగం కట్టి ఉంది. ఇప్పుడు బొంబాయి వాళ్లు దాన్ని మొత్తంగా కొంటామంటున్నారు. కానీ బూడిద చెరువు తవ్వాల్సింది సరిగ్గా రాధమ్మ చెలకలో. పట్టా ఇంకా చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంది. కాబట్టి వారసురాలైన ఆడబిడ్డ సంతకం లేకుండా అమ్మకం కదలదు. రాధమ్మ సంతకం పెట్టలేదు.

ఇక ఈ వారం కథ.

ఆ పొద్దున ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు. బడులకు తాళాలు. గనుల్లో బొగ్గు తవ్వేవాళ్లు కూడా దిగడం లేదు కాబట్టి ఇళ్లలో కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. విజయవాడ రోడ్డు నడిమధ్యలో రాళ్లు పేర్చి, పొయ్యిలు వెలిగించి, గంగాళాలు ఎక్కించారు. బండి వస్తే ఆగాలి. ఆగినవాళ్లు దిగి తినాలి. అదీ పద్ధతి.

ఆ పొయ్యిలకు పెద్ద దిక్కు అండాలమ్మ. మూసారాంబాగ్‌లో కర్రీ పాయింట్ నడుపుతుంది. ఆమె గొంతు లేస్తే మైకు పట్టుకున్నవాళ్లు కూడా మైకు దించుతారు.

"రాధమ్మా, పప్పు అడుగంటుతున్నది. నీ దేహం ఈడ ఉన్నది గని పానం ఎర్రకుంటల ఉన్నది."

"కలుపుతున్న గదా వదినె."

"కలుపుతున్నవు, సూస్తలేవు."

రాధమ్మ నవ్వి గరిటె అడుగుదాకా దింపింది. అప్పుడే వనస్థలిపురం వైపు నుంచి వచ్చిన తెల్ల కారును పిల్లలు ఆపారు. లోపలి నుంచి ఒక పెద్దాయన దిగాడు. తెల్ల చొక్కా, పలచని జుట్టు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాలండీ. కొంచెం అర్జెంటు" అన్నాడు.

ఆ 'అండీ' వినగానే పిల్లల్లో ఒకడు ఈల వేశాడు. "ఆంధ్రా సారూ! గీ రోడ్డుకు అర్జెంటు లేదు!"

"నోరు మూయిరా" అంది అండాలమ్మ. తర్వాత పెద్దాయన వైపు తిరిగి, "సారూ, నువ్వు దాటాలంటే తిని దాటాలె. గోంగూర లేదు మరి. పప్పు, పచ్చిపులుసు. నడుస్తదా?" అంది.

"నడుస్తుందమ్మా. కానీ అక్కడ చీరల కొట్టు రాధమ్మగారిని కలవాలి. ఆవిడ ఎక్కడికైనా వెళ్లిపోతారేమో..."

గరిటె ఆగింది.

"ఎక్కడికీ పోలే" అంది రాధమ్మ. "ఈడనే ఉన్న. మీరెవరు?"

ఆయన ఆమె ముఖం వంక చూసి చేతులు జోడించాడు. "నా పేరు విశ్వేశ్వరరావు. మీ ఊళ్లో కరెంటు కంపెనీ మొదలుపెట్టింది నేనేనమ్మా."

రాధమ్మ ఆ పేరును మనసులో ఎన్నిసార్లు తిట్టుకుందో ఆమెకే తెలుసు. ఆ పేరుకు ఒక లావుపాటి మనిషి, చేతికి ఉంగరాలు, గట్టి గొంతు ఊహించుకుంది. ఈయనేమో ఎండకు ముఖమంతా చెమటలు పట్టి, బడి గేటు దగ్గర మనవరాలి కోసం నిలబడిన తాతలా ఉన్నాడు. అది ఆమెకు ఇంకా కోపం తెప్పించింది. తిట్టడానికి వీలుగా కనిపించని మనిషిని ఏం చేయాలి?

"కూసోండ్రి" అంది, విస్తరాకు చూపించి.

"ముందు మాట్లాడి..."

"ముందు తినుండ్రి. ఆకలి మీద ఉన్నోళ్లతోని నేను కొట్లాట పెట్టుకోను."

విశ్వేశ్వరరావు చెప్పులు విడిచి, తారు రోడ్డు మీద పరిచిన పట్టా మీద అందరి వరసలో కూర్చున్నాడు. అటు పక్క లారీ డ్రైవరు, ఇటు పక్క కాలేజీ పిల్ల. రాధమ్మే వడ్డించింది. మొదటి ముద్దకే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏంది సారూ, ఏడుస్తున్నవా?" అంది అండాలమ్మ. "తెలంగాణ ఇయ్యకముందే గింత ఏడిస్తే, ఇచ్చినంక ఏం జేస్తవు?"

వరసంతా నవ్వింది. ఆయన కూడా దగ్గుతూనే నవ్వాడు. "కారం బాగుందమ్మా. మా గుంటూరు వాణ్ణి ఏడిపించే కారం ఇక్కడ దొరుకుతుందనుకోలేదు."

ఆయన చేయి కడుక్కునేదాకా రాధమ్మ ఆగింది. ఆ తర్వాత ఆగలేదు.

"ఇగ నేను జెప్త వినుండ్రి. మా భూముల మీద పొయ్యి పెట్టిండ్రు. మా చెరువు నీళ్లు దానికి పోస్తరు. వండినదంతా తీగల మీద పట్నం పోతది. మసి మాకు మిగుల్తది. అయినా సరే, ఊరు ఊకున్నది. ఎందుకు? బడికాడ సభ పెట్టి మీరొక మాట అన్నరట. భూమి ఇచ్చిన ప్రతి ఇంటికి కంపెనీల వాటా ఉంటది, మీరు కూలోళ్లు కాదు, ఓనర్లు అని. అన్నరా లేదా?"

"అన్నాను."

"గిప్పుడేమో ఆ పొయ్యిని గూడ బొంబాయోనికి అమ్ముకుంటుండ్రు. వాటా ఏది? మాట ఏది? మళ్ల నా సంతకం కోసం కారేసుకొని ఒచ్చిండ్రు. సిగ్గనిపిస్తలేదా సారూ?"

విశ్వేశ్వరరావు తల దించుకోలేదు. "సిగ్గుగానే ఉందమ్మా. అందుకే వచ్చాను. కానీ నేనొచ్చింది సంతకం పెట్టమని కాదు."

"మరి?"

"పెట్టొద్దని చెప్పడానికి."

అండాలమ్మ చేతిలో పచ్చిపులుసు గిన్నె వంగిపోయి, లారీ డ్రైవరు విస్తరి ఏరైంది. అతను గోల పెట్టినా ఎవరూ పట్టించుకోలేదు.

"మళ్లొకసారి అనుండ్రి" అంది రాధమ్మ.

"సంతకం పెట్టకండి. ఎవరడిగినా పెట్టకండి. అమ్ముతున్నది నేను కాదు, నా భాగస్వాములు. రాష్ట్రం విడిపోతే ప్లాంటు ఏమవుతుందోనని వాళ్లకు భయం పట్టుకుంది. ఎంతకో కొంతకు వదిలించుకుని పోదామంటున్నారు. ఆ కాగితాల్లో మీ ఊరి వాటా మాట లేదు. తీసేశారు. నేనొక్కణ్ణి కాదంటే వినేవాళ్లు లేరు."

"మీకు భయం లేదా?"

"లేకేం? మా ఆవిడ సీతామహాలక్ష్మి రోజూ అడుగుతుంది, పెట్టెలు సర్దమంటారా అని. ఉద్యోగం చేసిందంతా ఇక్కడే. రామగుండంలో చేశాను, కొత్తగూడెంలో చేశాను. రిటైరయ్యాక సొంతంగా ఒక ప్లాంటు నిలబెట్టాలనుకున్నాను. భూమి ఇచ్చినవాళ్లు గేటు బయట నిలబడని ప్లాంటు. అది వదిలేసి గుంటూరెళ్లి ఏం చేయను? ఎవరితో మాట్లాడను?"

పొయ్యి దగ్గర అండాలమ్మ మంట సరిగా రావడం లేదని కిందినుంచి బూడిదను రేకుతో లాగి పక్కకు పోస్తోంది. విశ్వేశ్వరరావు అటు చూపించాడు.

"అదిగో, అదేనమ్మా సంగతంతా. బొగ్గు మండితే బూడిద వస్తుంది. నీళ్లతో కలిపి పైపుల్లో చెరువుకు పంపిస్తాం. ఆ చెరువు లేకపోతే బాయిలరు వెలిగించడానికి లేదు. వెలగని ప్లాంటును బొంబాయి వాళ్లు కొనరు. మిగతా భూమి అంతా కంపెనీ చేతికి వచ్చేసింది. మీ చెలక ఒక్కటే అడ్డం."

"అంటే నా చెలక తలుపుకు గొళ్లెమన్నట్టు."

"అవును."

రాధమ్మ గరిటె పక్కన పెట్టి, ఆయనకు ఎదురుగా రోడ్డు మీదే కూర్చుంది. ఇన్నాళ్లూ ఆమె సంతకం పెట్టననడానికి కారణం తమ్ముడి మీద రోషం. అంతే. ఆ రోషం వెనక ఊరు మొత్తం నిలబడి ఉందని ఈ పూటే తెలిసింది. తెలిసేసరికి ఒళ్లు తేలికైందో బరువెక్కిందో ఆమెకు అర్థం కాలేదు. ఆమె ఊరికే అడ్డం పడి కూర్చుంటే ప్లాంటు ఆగిపోతుంది. భూములు ఎలాగూ పోయాయి. ఆ తర్వాత బ్రహ్మం లాంటి వాళ్లు ఏం తినాలి? మగ్గం గుంటలు పూడ్చుకుని మరీ కంపెనీలో చేరారు.

"సారూ, పొయ్యి ఆరిపోవాల్నని నాకు లేదు" అంది చివరికి. "పొయ్యి వెలగాలె. అండ్ల మాకు గూడ ఒక ముద్ద ఉండాలె. నేను చెలక అమ్మను. కాని కౌలుకిస్త. చెరువు మీరు తవ్వుకోండ్రి, బూడిద పోసుకోండ్రి. నేల మాత్రం నాది. నా ఎనక ఊరోళ్లది. మమ్ముల అడగకుంట పొయ్యిని ఎవరికీ అమ్మరాదు. ఊరి వాటా మాట మళ్ల కాగితం ఎక్కాలె. గట్లయితే చెప్పుండ్రి."

విశ్వేశ్వరరావు ముఖంలోకి మెల్లగా రంగు వచ్చింది. "కౌలు సంగతి నేనూ అనుకున్నానమ్మా. అడిగితే మీరు ఒప్పుకోరనుకున్నాను."

"అడిగితే గదా తెలిసేది! గీ మొగోళ్లందరికీ గదే రోగం. మా నాయిన రాయలే. మా తమ్ముడు అడగలే. మీరు అనుకొని ఊకున్నరు."

"మరి ఇప్పుడు నా మాట నమ్ముతారా?"

"ఈడ అన్నది నమ్మను. ఎర్రకుంట ఒచ్చి, ఊరందరి ముంగట, నా హద్దురాయి కాడ నిలబడి అంటే నమ్ముత."

"ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను."

"సూసినవా" అంది అండాలమ్మ అందరికీ వినపడేలా, "కారం తింటె మనిషి ఎంత సాఫ్‌గ మాట్లాడుతడో!"

నవ్వులు ఇంకా ఆరకముందే వరస చివర ఎవరో, "రాధమ్మక్కా, మీ తమ్ముడు" అన్నారు.

బ్రహ్మం నడిచి వస్తున్నాడు. డీసీఎం వ్యాను పెద్ద అంబర్‌పేట దగ్గర ఆగిపోతే అక్కడినుంచి నడిచి వచ్చాడు. ఒంటిమీద కాపలా ఉద్యోగపు నీలం చొక్కా. మోకాళ్ల దాకా దుమ్ము. చేతుల్లో స్టీలు పళ్లెం, పళ్లెంలో మడత పెట్టిన చీర. ఎర్ర అంచు, దారం ముడులు కట్టి రంగు అద్దిన తెల్లటి చిటికి చుక్కలు. తమ్ముడి చేతి నేత రాధమ్మ దూరం నుంచే గుర్తుపట్టింది. కొట్టులో వెయ్యి చీరల మధ్య వేసినా పట్టేది.

ఎర్రకుంటలో ఒక రివాజు ఉంది. ఆడబిడ్డకు ఇచ్చిన నేలను పుట్టింటివాళ్లు తిరిగి తీసుకోవాలంటే నలుగురి ముందు చీర పెడతారు. ఆమె చీర అందుకుంటే నేల వదిలినట్టు. వద్దంటే పుట్టిల్లు వదిలినట్టు. ఆ తర్వాత ఆ గడప ఆమెది కాదు. చావుకు కూడా పిలవరు.

బ్రహ్మం ఆమె ముందు నిలబడి పళ్లెం చాపాడు. "అక్కా... తీస్కో."

"ఎవరు పంపిండ్రురా?"

"ఎవరు పంపితేంది? చీర నేనే నేసిన. మగ్గం దించే ముందు ఆఖరుది. నీకోసమే దాచిపెట్టిన."

రాధమ్మ పళ్లెంలోకి చూసింది. చీర ఒక్కటే ఉంది. పసుపు లేదు, కుంకుమ లేదు. భర్త పోయిన మనిషి కదా. పెట్టకూడదని కాదు, పెట్టాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. ఆమె చూపు ఎక్కడ ఆగిందో అండాలమ్మ కనిపెట్టింది. మాట్లాడకుండా వెళ్లి, పప్పులో వేయడానికి తెచ్చుకున్న పసుపు డబ్బా తీసి, గుప్పెడు పసుపు పళ్లెంలో చీర పక్కన కుప్పగా పోసింది.

"ఇప్పుడు సక్కగున్నది" అంది. "ఇగ మాట్లాడుకోండ్రి అక్కాతమ్ములు."

రాధమ్మ కొంగు సర్దుకుని అంది.

"బ్రహ్మం, నాయిన భూమి ఇచ్చింది నాకురా. నా బొట్టుకు కాదు. ఫోన్ల నువ్వన్న మాటకు జవాబు అది. ఇగ చీర సంగతి. నువ్వు నేసిన చీర నేనెందుకు కాదంట? తీసుకుంట. కాని ఈడ తీసుకోను. నాయిన యాడ నిలబెట్టి నా కొంగుల మట్టి పోసిండో, ఆడ తీసుకుంట. ఇచ్చినకాడనే పుచ్చుకునుడు మన ఊరి పద్ధతి. నలుగురి ముంగట ఆ హద్దురాయి కాడ పెట్టు. నా మాట నేను ఆడనే చెప్త."

బ్రహ్మం పళ్లెం దించలేదు. ముఖం మాత్రం ఏడుపుకు తిరిగింది.

"అక్కా, అక్కడ దాకా ఆగేటట్టు లేదక్కా. నిన్న పొద్దుగాల జేసీబీలు దిగినయ్. చెలక తవ్వుతుండ్రు."

"ఎవరు?" విశ్వేశ్వరరావు లేచి నిలబడ్డాడు. "సమ్మె అయ్యేదాకా పని ఆపమని నేను చెప్పాను కదా!"

"మీరు చెప్పిండ్రు సారూ. మీ భాగస్వాములు మళ్ల చెప్పిండ్రు. ముందు తవ్వుండ్రి, సంతకం సంగతి తర్వాత సూస్తమని."

రాధమ్మ తమ్ముడి భుజం పట్టుకుంది. "హద్దురాయి? పీకిండ్రా?"

"లేదు."

"మరి?"

"పీకనిస్తలేదు." బ్రహ్మం వెనక్కి తిరిగి వచ్చిన దారి వైపు చూశాడు. "వాసంతి. నీ మేనకోడలు. నిన్నటి నుంచి ఆ రాయి మీద కూసున్నది. ముంగట జేసీబీ నిలబడ్డది. ఎంత బతిమాలినా లేస్తలేదు. మేనత్త చీర తీసుకున్నదని చెప్తెనే లేస్తనంటున్నది. అందుకే ఉరుకొచ్చిన. చీర భూమి కోసం గాదక్కా. నా బిడ్డ కోసం."

వాసంతిని కూర్చోమని ఎవరూ చెప్పలేదు. ఏదో ఒకనాడు తండ్రి తన కొంగులో మట్టి పోయాలని అడిగే పిల్ల అది. అత్త రాయినే తన రాయి అనుకుని కూర్చుంది.

"సారూ, కారు తిప్పుండ్రి" అంది రాధమ్మ.

ఎలా తిప్పడం? ముందు గంగాళాలు, వెనక లారీలు, నడుమ వందమంది జనం. డ్రైవరు చేతులెత్తేశాడు. అండాలమ్మ ఒక్క గుటకలో నీళ్లు తాగి, కొంగు నడుముకు దోపింది.

"లేవుండ్రి! గోనెపట్టలు తీసుకోండ్రి! పప్పు గంగాళం పక్కకు!"

"అక్కా, పొద్దుగాల నుంచి ఎవరికీ దారి ఇయ్యలే" అన్నాడు ఈల వేసిన పిల్లాడు. "ఆంధ్రాయన కారుకు ఇస్తమా?"

"కారు ఆయనది. దారి ఆడబిడ్డది. పట్టు గీ కొస!"

వాడు పట్టాడు. లారీ డ్రైవరు పచ్చిపులుసు మరకల చొక్కాతోనే రెండో కొస పట్టాడు. కాలుతున్న గంగాళం ఊగుతూ పక్కకు జరిగింది. పొయ్యి రాళ్లు దొర్లాయి. పొద్దుటి నుంచి ఎవరికీ తెరుచుకోని విజయవాడ రోడ్డు, ఒక కారు వెనక్కి తిరిగేంత మేర తెరుచుకుంది.

రాధమ్మ పళ్లెం ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది. చీరను తాకలేదు. పసుపు చెదరకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది. పక్కన బ్రహ్మం. ముందు సీట్లో విశ్వేశ్వరరావు సెల్‌ఫోన్లో ఎవరినో, నలభై ఏళ్ల మర్యాదంతా వదిలేసి తిడుతున్నాడు.

"వాసంతికి కలుపు" అంది రాధమ్మ తమ్ముడితో. "లేవొద్దని చెప్పు. మేనత్త వస్తున్నదని చెప్పు. ఓనరు సారు గూడ వస్తుండని చెప్పు."

"లేవొద్దనా?" బ్రహ్మం అక్క వంక చూశాడు. చూసి, కళ్లు తుడుచుకుని, ఫోన్ కలిపాడు.

అటు ఎత్తారు. వాసంతి గొంతు రాలేదు. జేసీబీ ఇంజను చప్పుడు ఒక్కటే కారంతా నిండింది.

"బిడ్డా! వాసంతీ!"

ఆ చప్పుడు ఇంకా పెరిగింది. ఆ తర్వాత, లైను తెగకుండానే, ఉన్నట్టుండి ఆగిపోయింది.